దానియేలు గారు అడిగిన రెండు సిలిండర్లు

కరోనా తర్వాత కాలేజీలు పూర్తిగా తెరుచుకున్న ఏడాది, నందిగామ దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్ అసోసియేట్ ప్రొఫెసరుగా ఉన్న నాకు ఏరోమోడలింగ్ క్లబ్బు బాధ్యత కూడా అప్పగించారు. రిమోటుతో ఎగిరే నమూనా విమానాలను అక్కడ విద్యార్థులు తయారుచేసి ఎగరేస్తారు. ఏ విమానానికి ఏ ఇంజను బిగించాలన్నది ఇన్‌ఛార్జి నిర్ణయం.

ఆ ఏడాది తయారైంది పెద్ద విన్యాసాల విమానం. దాని రెక్కల పొడవు నిలువెత్తు మనిషిని మించి ఉండేది. దాన్ని కట్టింది దానియేలు గారు. మా కాలేజీలోనే డ్రాయింగు లెక్చరరు. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. క్లాసులయ్యాక వర్క్‌షాపులో కూర్చుని బాల్సా అనే తేలిక చెక్కను ఉల్లిపొరలా చెక్కేవారు. అంత పెద్ద విమానాన్ని నడపగలిగిందీ అప్పట్లో ఆయనొక్కరే.

మా ముందు రెండు పెట్రోలు ఇంజన్లున్నాయి. ఒకటి యాభై సీసీ, ఒకే సిలిండరు. తేలిక, విప్పి బిగించడం సులువు. రెండోది డెబ్భై సీసీ, ఎదురెదురుగా రెండు సిలిండర్లు. పిస్టన్లు ఒకదాని అదురును మరొకటి చంపుతాయి కాబట్టి నునుపుగా తిరుగుతుంది. బరువెక్కువైనా ఆ బరువును మించిన బలం ఇస్తుంది. విన్యాసాల విమానానికి ఆ మిగులు బలమే ప్రాణం. ముక్కు ఆకాశంకేసి పెట్టి, ప్రొపెల్లరు లాగుడు మీదే గాల్లో నిలబడాలంటే ఆ లాగుడు విమానం బరువును దాటాలి. దీన్ని హోవరింగ్ అంటారు.

దానియేలు గారు రెండు సిలిండర్లదే కావాలన్నారు.

"సింగిల్‌తో కాయితం మీద సరిపోద్ది మేడం. మన ఎండల్లో గాలి పల్చబడితే ఆ కాస్త మిగులూ పోద్ది. ఒక్కసారి నిలబెట్టి చూడాలని నా కోరికండి."

ఆయన చెప్పింది నిజమే. కానీ ఆయన దగ్గర ఆ విమానం మీదే నడపడం నేర్చుకోబోయే పిల్లల చేతిలో ఆ మిగులు బలమే ప్రమాదం. ఇంజను వేగం పెంచే థ్రాటిల్ కాస్త ఎక్కువ తోస్తే విమానం వాళ్లకంటే ముందు పరిగెత్తుతుంది. "ఈ ఏడు చిన్నదాంతో కానిద్దామండి, వచ్చే ఏడు పెద్దది పెడదాం" అన్నాను. ఆయన "సరేనండి" అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పత్తి తీత అయిపోయాక వత్సవాయి దగ్గర ఒక చేను చదును చేయించి ఎగరేశాం. గాల్లో గుండ్రంగా పల్టీకొట్టే లూపులు, పక్కకు దొర్లే రోల్స్ చక్కగా వచ్చాయి. చివర్లో ఆయన ముక్కు పైకెత్తి నిలబెట్టారు. థ్రాటిల్ పూర్తిగా తెరిచినా విమానం నిలవలేదు, తోక మీదికి కుంగింది. నేల తాకకముందే పక్కకు తిప్పి జాగ్రత్తగా దించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన చేతులు తుడుచుకుని ఇంజను చల్లారేదాకా దాని పక్కనే కూర్చున్నారు.

మరుసటేడు మాట ప్రకారం రెండు సిలిండర్లది తెప్పించాం. బిగింపు పని చాలావరకు పిల్లలే చేశారు. ఆయన వేళ్లతో తడిమి బోల్టులు సరిచూస్తుంటే అలవాటనుకున్నాను. అదే చేలో ఇంజను స్టార్టు చేసి, చేత్తో పట్టుకునే రిమోటు ట్రాన్స్‌మిటర్ ఆయనకు అందించబోతే తీసుకోలేదు.

"వద్దు మేడం. పైకెళ్లాక అది ఎటు తిరిగుందో నాకు తెలీటల్లేదు. పక్కలన్నీ చీకటైపోయినయ్."

గ్లకోమా అట. కంటి నరం దెబ్బతిని చూపు అంచుల నుంచి మూసుకుపోయే జబ్బు.

"ఎప్పట్నుంచండీ?"

"పోయినేడు ఇంజను అడిగానే, అప్పటికే చూపు నిలవదని డాక్టరు చెప్పేశాడు. అందుకే అడిగా."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్తే జాలిపడి ఇచ్చేవారు. పని తెలిసినోడు అడిగాడని ఇస్తే బాగుండనిపించిందండి."

ఆ రోజు చివరేడాది విద్యార్థిని ఒకమ్మాయి నడిపింది. విమానం ముక్కు పైకెత్తుకుని, మాట విన్నట్టు గాల్లో నిలబడింది. "నిలబడిందా?" అని ఆయన అడిగారు. నిలబడిందని చెప్పాను. తల ఊపారు. ఆ ఏడాదే ఉద్యోగం మానేశారు.

యాభై సీసీ ఎంపికను ఈ రోజుకీ తప్పనలేను. ఆ పిల్లలకు అదే సరైన ఇంజను. కానీ అడిగినాయనకు అది ఎప్పటికి కావాలో నేను కనుక్కోలేదు. రిటైరయ్యేదాకా ఆ తర్వాతి ఎంపికలన్నిట్లో బరువు, బలం లెక్కలు తీయకముందే, అడిగినవాళ్లను కూర్చోబెట్టి, ఎందుకు కావాలి, ఎప్పటికి కావాలి అని అడిగేదాన్ని. వాళ్లు చెప్పకపోతే రెండోసారి అడిగేదాన్ని.