తీగ వెంట నడిచిన మా బావ

మా అక్క మొగుడు, వికారాబాదులో మైకు సెట్లు కిరాయికిచ్చే మా బావ, పోయిన వారం చనిపోయాడు. జ్వరమని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. పెద్దమనుషులు సంతాపసభ పెట్టి ఆయన్ని శాంతమూర్తి అన్నారు. ఆ మాట వినగానే నా ఏడుపు ఆగి కోపం వచ్చింది. బతికుండగా ఆయన నోటికి జడిసి దుకాణం మెట్టెక్కనివాళ్లే ఇప్పుడు దండలు పట్టుకొచ్చారు.

బావకు మనుషుల మీద మంచి అభిప్రాయం లేదు. ఎవరైనా చెడిపోయిన ఆంప్లిఫయర్ తెచ్చి "ఊకెనే బందైంది" అంటే, "ఊకెనే బందు కానీకి అది నీ లెక్క సోమరిదా?" అనేవాడు. పెట్టె పలకకపోతే దాన్ని చరిచేవాళ్లంటే మరీ అలుసు. "కడుపు నొస్తె నీ నెత్తి మీద కొట్టాల్నా?" అని అడిగేవాడు. పెట్టె ఎందుకు చెడిందో తెలియాలంటే దాని చుట్టూ ఉన్న మనుషుల్ని చూడాలని ఆయన నమ్మకం. అది నాకూ అంటించి పోయాడు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఒకసారి తాండూరులో ఒక పటేలు ఇంట్లో పెండ్లికి మేమిద్దరం రైల్లో సెట్టు తీసుకుపోయి కట్టాం. మా అక్క ఇంట్లో పొయ్యి వెలిగేది ఎక్కువగా తాండూరు పెండ్లిళ్ల మీదే. మేం బంతిలో కూర్చుని తింటుండగా పాట ఆగిపోయింది. చేతులు కడుక్కుని వెళ్లేసరికి మగపెండ్లివారి కుర్రాళ్లు వాల్యూం చివరిదాకా తిప్పి మైకులో గొంతు చించుకుంటున్నారు. పెట్టెలోంచి కాలిన వాసన వస్తోంది.

పటేలు లోపలినుంచి వచ్చాడు. "ఏం డబ్బ తెచ్చినవ్‌రా? తాండూర్ల ఇంకెవ్వనింట్ల నీ మైకు కట్టనియ్య!" అని నలుగురిలో అరిచి, "పలికినంక లేపుండ్రి" అంటూ మళ్లీ పోయి పడుకున్నాడు. ఆయన మాట కాదనే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు.

బావ పెట్టె మూత తీశాడు. వాల్వులు వెలుగుతూనే ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటరు పెడితే ముల్లు కదల్లేదు. "కాలింది" అని, పెట్టెను వదిలేసి, బయట కట్టిన హారన్ స్పీకర్లకు పోయే తీగ పట్టుకుని నడిచాడు. నేనూ వెనకే పోయాను. ఆ తీగ పటేలు గది కిటికీ దగ్గర తెగి ఉంది. లోపలికి గుంజిన కొసలు మంచం కోడుకు చుట్టి ఉన్నాయి. లొల్లికి నిద్ర పట్టక పటేలే పీకాడని వాకిలి ఊడ్చే ఆమె చెప్పింది. హారన్ లేకుండా వాల్యూం పెంచితే ఆ జోరు బయటికి పోయే దారిలేక ట్రాన్స్‌ఫార్మర్‌నే కాలుస్తుంది. అది పటేలుకు తెలియనక్కర్లేదు. కానీ ఇంటినిండా చుట్టాలుంటే అందరి పాటా ఆపి తానొక్కడు నిద్రపోవచ్చనుకున్నాడు చూడండి, అదీ ఆయన పెద్దరికం.

లేపి అడుగుదామన్నాను.

"అడిగితె ఒప్పుకుంటడా? పిచ్చోడా!" అన్నాడు బావ.

సంచిలోంచి ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ తీసి, టంకం పెట్టి బిగించాడు. తీగలు కలిపాడు. తర్వాత మైకు తీసుకుని, దాని పొడుగు తీగ లాక్కుంటూ, చప్పుడు కాకుండా గదిలోకి పోయాడు.

వీధికి తిరిగి ఉన్న హారన్లలో పటేలు గురక మొదలైంది. వడ్డించేవాళ్లు గరిటెలు ఆపేశారు. పురోహితుడు కూడా నవ్వాడు. ఆ నవ్వులకు పటేలు ఉలిక్కిపడి లేచాడు.

"ఎవనిదిర గీ లొల్లి?"

అదీ ఊరంతా వినపడింది. బావ జవాబూ వినపడింది.

"మీదే పటేలా. తీగ వీకింది గూడ మీరే."

మేమింకా హారన్లు దించకముందే ఒక బండల వ్యాపారి వచ్చి, తన బిడ్డ పెండ్లికి కూడా బావే మైకు కట్టాలన్నాడు. పటేలు అది విని, గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు బావ కనిపించేది ఆ గదిలోనే. మంచం పక్కన గొంతుక్కూర్చుని, పటేలు మీసాల దగ్గర మైకు పట్టుకుని, ముఖంలో నవ్వన్నదే లేకుండా, గుమ్మంలో ఉన్న నన్ను మాట్లాడొద్దని వేలు చూపిస్తున్నాడు.