మాస్టారి కాలు

డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఉత్త పిరికివాడు. ఈ సంగతి ఆయనకి తప్ప రెండో మనిషికి తెలియదు. ఇరవై రెండేళ్ళుగా పదహారు, పదిహేడేళ్ళ పిల్లల పక్కన కూర్చుని ఊరంతా తిరిగాడు. స్కూలు కారు మీద ఒక్క గీత పడలేదు. అదంతా ఆయన గుండె నిబ్బరం అనుకుని తల్లిదండ్రులు తెగ మెచ్చుకునేవారు. నిబ్బరమూ లేదు, పాడూ లేదు. స్కూలు కారులో మాస్టారి సీటు ముందు కూడా ఓ బ్రేకు ఉంటుంది. కారెక్కింది మొదలు దిగేదాకా ఆయన ప్రాణాలన్నీ దాని మీదే ఉండేవి.

వాళ్ళున్న దేశంలో పద్దెనిమిది నిండనివాళ్ళకి లైసెన్సు ఊరికే ఇవ్వరు. ముందు ముప్ఫై గంటలు క్లాసులో పాఠాలు వినాలి. ఆ తరవాత మాస్టారితో స్కూలు కారులో ఆరు గంటలు నడపాలి. ఫరవాలేదని ఆయన సంతకం పెడితే, ఇంటి కారులో అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని యాభై గంటలు తిరగాలి. అప్పుడే పరీక్ష. ఆ యాభై గంటల సంగతి మాస్టారు ఏనాడూ పట్టించుకోలేదు. కన్నవాళ్ళ తలనొప్పి కన్నవాళ్ళది.

ఈ ఏడు ఆ తలనొప్పి ఆయన గుమ్మంలోకే వచ్చింది. కూతురికి పదహారు నిండాయి. ఆరు గంటలూ తనే నేర్పాడు. 'చక్కగా ఆపుతుంది' అని రాసి మరీ సంతకం పెట్టాడు.

ఆదివారం పొద్దున ఇంటి కారు తీశారు. మాస్టారు పక్క సీట్లో కూర్చుని కాళ్ళు చాపాడు. పాదాల కింద రబ్బరు పట్టా తప్ప ఏమీ లేదు. బిక్కమొహంతో లేని బ్రేకు కోసం కాలితో తడుముకున్నాడు.

"ఏంటి నాన్నా ఆ మొహం? పరీక్ష నాకా, నీకా?"

"నన్ను చూడకమ్మా, రోడ్డు చూడు."

రెండు వీధులు బాగానే దాటారు. మందుల షాపు ముందు కర్ర పట్టుకున్న పెద్దాయనొకడు తెల్లచారల మీద అడుగు పెట్టాడు. అమ్మాయి రోజూ తొక్కినట్టే బ్రేకు తొక్కింది. కారు నెమ్మదించింది గానీ ఆగలేదు. మాస్టారు పట్టా చిరిగేంత గట్టిగా తొక్కాడు. పెద్దాయన వెనక్కి తూలాడు, కర్ర కింద పడింది. ఆయన మోకాళ్ళకి జానెడు దూరంలో కారు ఆగింది.

"కళ్ళు నెత్తికెక్కాయా!" అని పెద్దాయన తిట్టుకుంటూ, కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మాయి కారు పక్కకి తీసింది. ఇంజను ఆపింది.

"బ్రేకు పాడైంది నాన్నా. స్కూలు కారులో రోజూ ఇలాగే తొక్కేదాన్ని, ఆగిపోయేది కదా!"

మెకానిక్కుకి చూపిద్దాం అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అలా అంటే ఈ పిల్ల రేపు ఇదే ధీమాతో మళ్ళీ రోడ్డెక్కుతుంది.

"బ్రేకు బాగానే ఉంది తల్లీ. రోజూ ఆపింది నువ్వు కాదు, నేను."

"ఎప్పుడు?"

"ప్రతిసారీ. నువ్వు తొక్కేలోపే నా కాలు పడిపోయేది. భయం, అమ్మా. ఆపుకోలేకపోయేవాణ్ణి. నువ్వేమో నాకొచ్చేసిందని మురిసిపోయేదానివి, చెప్పడానికి నోరు రాలేదు."

"ఇప్పుడు ఆయన్ని చంపేసేదాన్ని నాన్నా!"

అమ్మాయి ఏడ్చింది, ముక్కు చీదుకుంది. తరవాత అద్దంలోంచి వచ్చేపోయే కార్లని చూసింది.

"మరి నీ దగ్గర నేర్చుకున్న వాళ్ళందరూ?"

ఇరవై రెండేళ్ళుగా మాస్టారు నేర్పిన పిల్లలు. ఎన్ని వందలమందో! అందరికీ చక్కగా ఆపుతారనే రాశాడు. వాళ్ళలో కొందరు ఈపాటికి తమ పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరుగుతూ ఉంటారు.

ఫోను తీశాడు. కిందటి నెలలో లైసెన్సు తెచ్చుకున్న అమ్మాయికి ముందు చేశాడు. ఏం చెప్పాలో తెలియదు, ఈ పూటకి కారు తియ్యొద్దని మాత్రం చెప్పాలి. చాలాసేపు మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. కట్టయిన మరుక్షణం ఆ ఫోను తనంతట తానే పంపిన మెసేజి వచ్చింది.

'కారు నడుపుతున్నాను. ఆపాక చేస్తాను.'