జేబు లోతు

టైలరు మాస్టారు మధ్యాహ్నం ఆకలేస్తే మెడలో టేపుతోనే ఎదురుగా ఉన్న బర్గర్ షాపుకు వెళతారు. పొట్లం విప్పి, పై బన్ను ఎత్తి, చికెన్ ముక్కను చూసి రోజూ నిట్టూరుస్తారు. ఇవాళ ఒళ్లు మండి టేపు పెట్టి కొలిచేశారు. "ఏమ్మా, దీన్నేమన్నా ఉతికి ఆరేశారా, ఇలా కుంచించుకుపోయింది? బోర్డు మీద చూస్తే చేటంత, చేతికొస్తే చిటికెడంత!" "సరుకుల రేట్లు పెరిగాయి అంకుల్. మేమేం చేస్తాం?" అంది కౌంటర్లో అమ్మాయి. "పెరిగితే చెప్పి పెంచండి. చెప్పకుండా కత్తెరేస్తారా?" అని చిందులు తొక్కి, రెండు కొరుకుల్లో మింగేసి తన కొట్టుకు తిరిగొచ్చారు.

అక్కడ పాత కస్టమరు ఒకాయన కొత్త ప్యాంటు తొడుక్కుని జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్లు దూరాయి గానీ అరచెయ్యి బయటే ఉండిపోయింది.

"ఇదేం జేబు మాస్టారూ!"

మాస్టారు మూతి తుడుచుకున్నారు. "ప్యాంటు గుడ్డ మీదైనా, జేబు గుడ్డ మా డబ్బుతో వేసేదే కదా సార్. రేట్లు పెరిగాయి. మేమేం చేస్తాం?"