తొట్టి మీద నిలబడిన ఈగ

నిన్న మధ్యాహ్నం మా మేడ మీద అద్దెకుండే అమ్మాయి ఫోను పట్టుకుని దిగివచ్చి, పసుపు నలుపు పట్టీలున్న ఒక పురుగు ఫొటో చూపించి, తాను తేనెటీగ అనుకున్నాననీ, కాదు, హోవర్ ఫ్లై అనే ఈగ అని ఫోను క్షణంలో తేల్చేసిందనీ, పూలకు మేలు చేసే జాతి అనీ ఒకటే మురిసిపోయింది. ఒకరి మురిపెం చూసి ఊరుకునే గుణం నాకు లేదని రాబర్ట్‌సన్‌పేటలో మా వీధి వీధంతటికీ తెలుసు.

"యాడ తీసినావమ్మా దీన్ని?"

"కింద మన సంపు మూత కాడ, ఆంటీ. నాలుగైదు అట్లే గాల్లో నిలబడుకోని ఉండాయి."

కాఫీ నోటిదాకా తెచ్చుకున్నదాన్ని గ్లాసు కింద పెట్టేశాను.

నేను జువాలజీ చదివే రోజుల్లో మా మేనత్త బంగారు గనుల పక్కన కోరమండల్‌లో ఉండేది. గని కార్మికుల లైన్ ఇళ్ళకు ఎదురుగా మామ చిల్లర అంగడి, అంగడి వెనక ఇల్లు, ఇంటి వెనక నేలలోకి దించి కట్టిన సిమెంటు తొట్టి, దానికి జానెడు దూరంలో లైన్లన్నిటి మురికినీ మోసుకుపోయే కాలువ. కొళాయి నీళ్ళు వారానికొకసారి వస్తే వచ్చినట్టు. పటిక గడ్డను గుడ్డలో మూటగట్టి తొట్టిలో నాలుగు చుట్లు తిప్పితే మడ్డి అడుక్కి దిగి పైన నీళ్ళు అద్దంలా తేరుకునేవి. తేరుకున్నవే మంచినీళ్ళని అక్కడ అందరి నమ్మకం, పుస్తకాలు చదివిన నా నమ్మకం కూడా.

ఆ ఎండాకాలం నేను కాలేజీకి పురుగుల పెట్టె తయారు చేయాలి. అత్త ఇంటికి పోతే తొట్టి మీద పసుపు పట్టీల పురుగులు, దారం కట్టి వేలాడదీసినట్టు, రెక్కలు కనపడనంత వేగంగా ఆడిస్తూ ఒక్కచోటే నిలబడి ఉన్నాయి. నాకు పండగ. అత్తకు మాత్రం అవి నచ్చలేదు.

"ఏమ్మే, ఇవి కుట్టవు, తుట్టె పెట్టవు. పొద్దున్న లేస్తే తొట్టి పక్కన తోక పురుగులు పాకుతా ఉంటాయి, దినామూ చీపురుతో ఊడుస్తా ఉండాను. నీళ్ళన్నీ పారబోసి కడిగిద్దామా అనుంది నాకు."

వారం నీళ్ళు పారబోయడమా! నేను నవ్వాను. ఇవి తేనెటీగలు, తేనెటీగ మురికి నీళ్ళ మీద వాలదు, ఇంతకంటే పరీక్ష ఏం కావాలి అని, ఏ పుస్తకంలోనూ లేని మాటను పుస్తకంలో ఉన్నంత ధీమాగా అరగంట వాదించాను. మామకూ నీళ్ళు పోవడం ఇష్టం లేదు కనుక నా మాటే గెలిచింది. ఆ మాట అనేటప్పుడు అత్త నాలుగేళ్ళ కూతురు చెంబు ముంచుకుని తాగుతూనే ఉంది.

పదిహేను రోజులకు కాలేజీలో మా మేడమ్ నా పెట్టె మీద భూతద్దం పెట్టి, ఎన్ని రెక్కలమ్మా దీనికి అని అడిగింది. రెండు. తేనెటీగకు నాలుగు. రెండో జత ఉండవలసిన చోట గుండుసూది తలల్లాంటి రెండు గుబ్బలు, మీసాలు పొట్టి, కాళ్ళకు పుప్పొడి బుట్టలు లేవు, పెద్ద పెద్ద కళ్ళ నిండా నల్లని చుక్కలు. ఎరిస్టాలినస్, తేనెటీగ వేషం కట్టిన ఈగ, అంది మేడమ్. క్లాసంతా నవ్వింది, ఆవిడా నవ్వింది. ఈగ తేనెకే పోతుంది గానీ గుడ్లు కుళ్ళిన నీళ్ళ పక్కన పెడుతుందట. పిల్ల పురుగు అడుగు బురదలో పడి తింటూ, ఎలుక తోకలాంటి గొట్టాన్ని నీటిపైకి చాపి ఊపిరి తీసుకుంటుందట. ఎదిగాక పొడి మట్టి వెతుక్కుంటూ బయటికి పాకుతుందట. తర్వాత, యాడ పట్టినావు అని అడిగింది. మా అత్త వాళ్ళ తొట్టి దగ్గర అన్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"ఆ నీళ్ళు ఎవరైనా తాగుతా ఉండారా?"

నేను కోరమండల్ చేరేసరికి అంగడికి తాళం ఉంది. వాంతులు, విరేచనాలతో పిల్లను ఆసుపత్రికి మోసుకుపోయి రెండు రోజులైందని పక్కింటివాళ్ళు చెప్పారు. వాళ్ళను పిలుచుకుని నేనే తొట్టి ఎత్తిపోయించాను. కాలువ వైపు గోడ చీలి ఉంది. అడుగున నల్లని బురద, బురదలో నుంచి పైకి లేచి సన్నగా కదులుతున్న తోకలు, లెక్కలేనన్ని.

పిల్ల బతికింది, సగమై ఇంటికి వచ్చింది. అంతవరకూ ఆకు చూపించి, పురుగు చూపించి "ఇదేందమ్మే" అని అడిగే అత్త మళ్ళీ ఎప్పుడూ ఏదీ అడగలేదు. నేనే కల్పించుకుని చెప్పబోతే, "చదువుకున్నదానివి, నీకు తెలీదా ఇంగ" అని పనిలో పడిపోయేది.

ఇప్పుడు తాగే నీళ్ళు క్యాన్లలో వస్తున్నాయి, మిగతావి సంపులోంచి మోటారు ఎక్కిస్తుంది, పొద్దున్నే తొట్టిలోకి వంగి చూసే ఆడది మా వీధిలో ఒక్కతీ లేదు, నాతో సహా. మా సంపు మూత ఎత్తి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. నిన్న ఇద్దరం కలిసి లాగినా కదలలేదు. రేపు మనిషి వచ్చి తీస్తానన్నాడు. అంతవరకూ ఆ నీళ్ళతో బియ్యం కూడా కడగొద్దని అమ్మాయికి చెప్పాను.

"అయ్యో ఆంటీ, మంచి పురుగని ఫోన్లోనే ఉండాది కదా, మీరొకరు!" అని నవ్వింది.

ఆ నవ్వు నాకు బాగా తెలుసు.