శివరాత్రి దాటాక పెట్టిన గుమ్మడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో మాట చెల్లేది మా నాయనమ్మకే. మాది యాలాల్ దగ్గర పల్లె. ఇంటికి ఇరవై మేకలు, వాటి వెంట నేను. తొమ్మిదేళ్లప్పుడు నాకు బడి పిచ్చి పట్టింది. మేకలను తోలుకుపోతూ బడి గోడ దగ్గర ఆగిపోయేదాన్ని. లోపల పిల్లలంతా ఒక్క గొంతుతో చదువుతుంటే, మేకలు ఎవరి కందిచేలో పడ్డాయో కూడా చూసేదాన్ని కాదు. ఇంటికొచ్చి తిట్లు తింటూ కూడా బడికి పోతాననే ఏడ్చేదాన్ని.

శివరాత్రి దాటిన వారానికి నాయనమ్మ నాలుగు గుమ్మడి గింజలు నా చేతిలో పెట్టింది. "గివి పెట్టు. కాయ కాసి పండిననాడు నువ్వు బడికి పో. ఎవ్వలు అడ్డమొస్తరో నేను జూస్త" అంది. పెరట్లో నాపరాళ్లు నిలబెట్టిన గోడ పక్కన చోటు కూడా ఆమే చూపించింది.

మా దిక్కు గుమ్మడి తొలివానలకు పెడతారు. ఎండలు ముదిరే వేళ ఎవరూ పెట్టరు. ఆ సంగతి నాకు తెలియదు. మేకల ఎరువు వేశాను. పొద్దున రెండు బిందెలు, మాపటికి రెండు బిందెలు బోరింగు నుంచి మోశాను. నాలుగు గింజల్లో ఒక్కటే నిలిచింది. ఎండకు కాగిన బండల సెగకు ఆకులు మధ్యాహ్నానికి వేలాడిపోయేవి, పొద్దు గూకాక మళ్లీ లేచేవి. నీళ్లు పోస్తున్నంతసేపూ మా నాయనమ్మ ఎంత మంచిదో అనుకునేదాన్ని. రాత్రిపూట అడక్కుండానే ఆమె కాళ్లు పిసికేదాన్ని.

పూలు విరగబూశాయి. పూసినవి పూసినట్టే రాలిపోయాయి. ఒకరోజు తీగ పక్కన కూర్చుని ఏడుస్తుంటే పక్కింటి అక్క గోడ మీదుగా తొంగి చూసింది. ఆమె కన్నడ దేశం నుంచి వచ్చిన కోడలు. కూరగాయలు పండించి తాండూరు తీసుకుపోయి అమ్మేది. ఒక్కో పువ్వునూ ఎత్తి చూసి నవ్వింది. "అన్నీ మగపూలే గదనే! గింత ఎండల ఆడపూలు యాడికెల్లొస్తయి? అడుగున పిందె ఉంటెనే ఆడపువ్వు."

ఆమె చెప్పినట్టు కందికట్టెలతో తీగకు నీడ కట్టాను. పది రోజులకు కింద చిన్న పిందెతో ఒకే ఒక్క పువ్వు వచ్చింది. తెల్లవారగానే అక్క వచ్చి, ఒక మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, దాని పుప్పొడిని ఆ పువ్వు మధ్యలో నా చేతనే రాయించింది. ఆ పిందె నిలిచింది. బడి సెలవులన్నీ దానికి కాపలా కాశాను. బడి తెరిచే రోజులకు కాయ పండి, తొడిమ ఎండింది.

దాన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చి నాయనమ్మ ముందు దించాను. ఆమె దాని తొక్కను గోటితో గీరి చూసింది.

"గుమ్మడి కాసిందని మేకలు మెయ్యకుంట ఊకుంటయా, బిడ్డా?" అంది.

నేను నోరు తెరిచేలోగా గోడ దగ్గరికి వెళ్లి అక్కను పిలిచింది. "నీకెందుకే గా ముచ్చట? పూలన్నీ రాలుతయి, పోరి బడి మాట మర్చిపోతదని నేను పెట్టిస్తే!"

"నాకేమెరుక అవ్వా? కూరకేమోనని జెప్పిన" అంది అక్క. నావైపు చూడలేక లోపలికి వెళ్లిపోయింది.

ఆ పూట నాయనమ్మ గుమ్మడికాయ కోసి బెల్లం వేసి వండింది. కూర చాలా బాగుంది. ఏడుస్తూనే రెండుసార్లు పెట్టించుకున్నాను. మర్నాడు మేకల వెంట వెళ్లాను.

మా నాయనమ్మ చెడ్డది కాదు. మేకలు మేస్తేనే మా పొయ్యి వెలిగేది. ముందే వద్దని ఉంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని. నీళ్లు మోసినందుకు నాకు బాధ లేదు. మోసినన్నాళ్లూ ఆమెను అంతగా ప్రేమించానే, అదే ఇప్పటికీ మింగుడు పడదు. అక్షరాలు నేర్చుకునేసరికి నాకు ఏభై దాటాయి. ఇది నా చేత్తో నేనే రాస్తున్నాను.

ఇప్పుడు మనవరాలు ఏదైనా అడిగితే, ఇవ్వలేనిదైతే మొహం మీదే లేదంటాను. రేపు చూద్దామనను, ఇది చేస్తే అది ఇస్తాననను. అత్తమ్మది రాతిగుండె అంటుంది మా కోడలు. పిల్ల ఏడుస్తుంది. ఏడవనిస్తాను.