వదిన రాసిన గడియారం మొహాలు

మా వదిన పోయిందని తంతి వచ్చినప్పుడు నేను రాజంపేట బడిలో నాలుగో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. తంతి చదివి, మడిచి జేబులో పెట్టుకుని, బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేసినాను. పిల్లలు రాసుకున్నారు. గంట కొట్టినాక పెద్దయ్యవారి దగ్గరికి పోయి సెలవు అడిగినాను. ఆయన కుర్చీలోంచి లేచి నా భుజం పట్టుకుంటే, ఎందుకు పట్టుకున్నాడో కాసేపు అర్థం కాలేదు.

రైలెక్కి ఎర్రగుంట్లలో దిగి, బస్సులో ప్రొద్దుటూరు చేరేసరికి మట్టి చేసి వచ్చేసినారు. మూడు దినాల జ్వరమంట. మా అన్న నన్ను చూసి, "వచ్చినావా? అన్నం తిను," అన్నాడు. తిన్నాను. ఏం తిన్నానో ఇప్పుడడిగితే చెప్పలేను. ఈ రోజుకి పదహైదు దినాలు. నాకింకా ఏడుపు రాలేదు. రాస్తే ఏమన్నా తెలుస్తుందేమోనని రాస్తున్నాను.

మా అన్న గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి అరుగు మీదే ఆయన బల్ల. యుద్ధం మొదలై పైదేశాల నుంచి సామాన్లు రావడం నిలిచిపోయినాక, లోపలి చక్రాలు ఎట్లనో సర్దుకొచ్చినాడు గానీ మొహాలకే దారి లేకపోయింది. గడియారం మొహమంటే అంకెలుండే ఆ గుండ్రటి బిళ్ళ. చెమటకు, వాననీళ్ళకు రంగు పొట్టు లేచి అంకెలు సగం చెరిగిపోయిన గడియారాలు మా ఇంట్లో ఒక చేటెడు పోగైనాయి. లోపల నడుస్తానే ఉంటాయి. టైమెంతో చెప్పలేవు.

ఒక దినం వదిన ఆ చేట ముందర కూర్చుని, "ఇవి నేను రాస్తా," అనింది. అన్న నవ్వినాడు. వదిన నేతగాళ్ళ ఇంటి ఆడబిడ్డ, బడికి పోయింది లేదు. కానీ వారం తిరగకముందే దళసరి కాగితానికి సుద్ద, తుమ్మబంక కలిపి పూసి, ఆరబెట్టి, గవ్వతో మెరిసేదాకా రుద్ది ఒక మొహం తయారుచేసింది. కాటుకలో బంక కలిపితే సిరా. ఉడుత తోక వెంట్రుకలు నాలుగు పుల్లకు కడితే కుంచె. నా పాత కంపాసు అడిగి తీసుకుంది. వృత్తం గీసిన కొలతతోనే చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ పోతే ఆరు గుర్తులకు మొదటికొస్తుందని నేను చెప్పబోతే, "అది ముగ్గులో తెలిసిందే గదప్పా," అనింది.

రోమను అంకెలు మొదటిసారి రాసినప్పుడు నాలుగు చోట నాలుగు నిలువు గీతలు పెట్టింది. "నాలుగు తప్పు రాసినావు వదినా. ఐ రాసి పక్కన వీ రాయాల," అన్నాను, అయ్యవారి గొంతుతోనే. ఆమె చేట నా ముందరికి జరిపింది. చూస్తే రోమను అంకెలున్న వాటన్నిటికీ నాలుగు గీతలే. అన్ని ఏండ్లుగా గడియారం చూస్తున్నాను, ఆ అంకె ఎప్పుడూ చూడలేదు. "నువ్వు చదువుకుంటివి, నేను చూసుకుంటి," అని నవ్వింది. ఆ తర్వాత బడిలో పిల్లవాడు తప్పు రాసినాడని కొట్టేముందు ఒకసారి ఆగి పలక చూసేది నేర్చుకున్నాను. అది ఆమె పెట్టిన బుద్ధి.

రాసే దినం బాయిలో నీళ్ళు చేదేది కాదు, చెయ్యి వణుకుతాదని. ఆ దినాల్లో మా అన్నే చేదేవాడు. వీధిలో నవ్వేవాళ్ళు. ఎప్పుడూ ఆరు నుంచి మొదలుపెట్టేది. "పన్నెండు అందురూ చూసేది. చెయ్యి కుదిరినాక రాయాల," అనేది.

ఎండాకాలం సెలవులకు నేను ఇంట్లో ఉన్నప్పుడు, జమ్మలమడుగు పక్క పల్లె నుంచి ఒక రైతు వచ్చినాడు. కొడుకు పట్టాళంలో లారీ తోలేవాడు, బర్మా దిక్కు పోయినాడు. మనిషి రాలేదు, చేతిగడియారం పార్సిల్లో వచ్చింది. తెల్లటి పింగాణీ మొహం చిట్లి, ఆ చీలికల్లోకి ముదురు రంగు మరక దిగింది. ఏం మరకో మేము అడగలేదు.

"దీని మొగం మార్చియ్యి తల్లీ," అన్నాడు వదినతో. "నా పెండ్లాము దీన్ని చేతిలో పెట్టుకోని ఆ మరకే చూస్తా కూర్చుంటాది. తిండి లేదు, మాట లేదు. పాతది పీకి పారేయండి. నాకు తిరిగి ఇయ్యొద్దు."

వదిన పాతది పీకలేదు. కొత్త కాగితం దాని మీదే అతికిస్తానంది. "మందమైతే ముల్లు తగులుతాది," అన్నాడు అన్న. రెండు దినాలు గవ్వతో రుద్ది, ఎర్ర ఉల్లిగడ్డ పొర మాదిరి పల్చగా చేసింది. "ఆయప్ప పారేయమన్నాడు గదా?" అని నేనడిగినాను.

"నోటితో అన్నాడప్పా. గడియారం ఇచ్చేటప్పుడు రెండు చేతులా ఇచ్చినాడు, చూడలేదా?"

మరుసటి ఎండాకాలం ఆ రైతు భార్య ఒక్కతే వచ్చింది. గడియారం బల్ల మీద పెట్టి, "ఇది నా కొడుకుది కాదు. మీరు మార్చినారు. వానిది యాడ పెట్టినారు?" అనింది. మా అన్న తల వంచుకున్నాడు. వదిన ఆమెను కూర్చోబెట్టి, అన్నతో ముండ్లు తీయించి, తడిబట్ట ఆ మొహం మీద పరిచింది. కాసేపటికి కాగితం మెత్తబడి వచ్చేసింది. కింద ఆ పింగాణీ, ఆ మరక.

ఆమె వేలితో దాన్ని ఒకసారి నిమిరింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడ్వలేదు.

"మళ్ళా అతికియ్యి," అనింది.

"ఏమమ్మా?" అనింది వదిన.

"అడుగున ఉండాదని తెలిసింది, చాలు. నేను దీన్ని చూస్తా కూర్చుంటే ఆయన గొడ్లపాకలోకి పోయి ఏడుస్తాండె. నాకు తెలీదనుకుంటాడు. నేను చూసినానని ఆయనకు చెప్పొద్దండి."

వదిన ఇంకో మొహం రాసిచ్చింది. ఆ దినం ఆరు అంకె రెండుసార్లు చెరిపి రాసింది.

మొన్న పదకొండో దినం కర్మకు ఆ ఇద్దరూ వచ్చినారు. గడియారం ఆయన చేతికి ఉంది, నడుస్తోంది. భోజనాలైనాక ఆయన నన్ను పక్కకు పిలిచి, "మీ వదిన చేతి చలవ అప్పా. పాతది కనపడకుండా పోయినాక నా పెండ్లాము రెండు ముద్దలు తింటాండాది," అన్నాడు. ఆమె అంత దూరం నుంచి నన్నే చూస్తోంది. నేను తలూపినాను.

మరుసటి పొద్దున తిరుగు బస్సులో పెన్న దాటినాను. ఏట్లో అంతా ఇసుకే. ఒక ఆడమనిషి మోకాలి లోతు చెలమ తవ్వి, పక్కన బిందె పెట్టుకుని, అంచున గొంతు కూర్చుని ఉంది. నీళ్ళు ఊరాల. ఊరిందాకా చేసేదేమీ లేదు. కొబ్బరిచిప్ప పట్టుకుని గుంతలోకే చూస్తా ఉంది. బస్సు గట్టెక్కి మలుపు తిరిగేదాకా చూసినాను. ఆమె ఇంకా చిప్ప ముంచలేదు.