కాకరపువ్వు అంచుకు కిరాయి

నాకు డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీకి నేను రాసిన ఈమెయిళ్లకు ఇప్పటిదాకా ఒక్క మనిషి కూడా జవాబివ్వలేదు. "మీ ఫిర్యాదు మాకు ముఖ్యం" అని కంప్యూటర్ పంపే మాట మాత్రం ప్రతిసారీ వచ్చింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సూరత్ మగ్గాల మీద నేసే చీరలకు డిజైన్లు గీయడం నా పని. నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ మగ్గం నడిపాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సూరత్‌లోని నవాగామ్‌లో మా గల్లీలో డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను డబ్బు పెట్టి కొన్న మొదటివాణ్ణి నేనే. మిగతావాళ్లు నకిలీది నడిపేవారు. కొన్నప్పుడు బొటనవేలంత తాళం ఇచ్చారు. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. మగ్గం కొన్నట్టే కొన్నాననుకున్నాను.

మొదటి లాక్‌డౌన్‌లో ఊరికి పోయి తిరిగొచ్చేసరికి ఆ కంప్యూటర్ పాడైంది. కొత్తదానిలో పాత తాళం పనిచేయలేదు. ఇప్పుడు అమ్మడం లేదు, ఏటేటా చందా కట్టాలన్నారు. కట్టి, పాత డిజైన్లన్నీ కొత్తదానిలోకి మార్చుకున్నాను. మరుసటి ఏడు కరోనా మళ్లీ విరుచుకుపడి మగ్గాలు ఆగాయి. చందా గడువు దాటిపోయింది, మళ్లీ కట్టడానికి చేతిలో డబ్బు లేదు.

మగ్గాలు మొదలవగానే నా డిజైన్లు కొనే రింగ్ రోడ్ బట్టల మార్కెట్ సేఠ్ ఫోన్ చేసి, నా కాకరపువ్వు అంచును వెడల్పు చేసి వారంలో ఇమ్మన్నాడు, లేదంటే వేరేవాడితో గీయిస్తానన్నాడు. అమ్మ వేసిన కాకర పందిరి చూసి గీసిన అంచు అది. ఎవరిదీ చూసి కొట్టింది కాదు. ఫైలు నొక్కితే తెరుచుకోలేదు.

కంపెనీలో ఫోనెత్తిన మనిషి హిందీలో, "చాచా, మీకర్థం కాదు, ఇంట్లో చదువుకున్నవాళ్లకు ఫోనివ్వండి" అన్నాడు. ఆ మాట మరచిపోలేదు, మరచిపోను. అయినా పట్టుబట్టి, చందా ఎందుకు పెట్టారో కారణం చెప్పించుకున్నాను. ఒకసారి అమ్మితే డబ్బు ఒకసారే వస్తుందట, జీతాలు మాత్రం నెలనెలా ఇవ్వాలట. కంప్యూటర్లు మారినప్పుడల్లా సాఫ్ట్‌వేర్‌నూ మార్చాలట. అమ్మిన తాళాలకు నకిలీలు పుడతాయట. చందా అయితే వచ్చే ఏడు ఎంత వస్తుందో ముందే తెలుస్తుందట.

ఇంట్లో ఇదంతా చెప్పి తిడుతుంటే నా భార్య నవ్వింది.

"గాళ్లకు తెలివుంది. నీకే లేదు."

"ఏందే?"

"నువ్వు డిజైన్ ఒక్కపారి అమ్ముతవ్. సేఠ్ ఏండ్లకేండ్లు నేయిస్తడు. మల్ల జర రంగు మార్చు, జర అంచు పెంచు అంటె ఊకెనే చేసిపెడ్తవ్. గా కంపెనోడు గిట్ల చేస్తడా?"

"నేను అమ్మినంక ఎవరి ఒంటి మీదికెల్లన్న చీరె గుంజుకున్ననా?"

"ఇప్పుడు గుంజుకునేటట్టే చూస్తున్నవ్."

నిజమే. ఆమె కట్టుకున్నది ఆ అంచు చీరే, మొదట నేసిన నమూనా.

"జర చీరె మార్చుకోరాదు."

"అచ్ఛా! కంపెనోని మీది కోపం నా చీరె మీదికొచ్చిందా?"

ఆ చీరను బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి, పోగు పోగూ లెక్కపెట్టి అంచును గళ్ల కాగితం మీదికి ఎక్కించాను. నాన్న కాలంలో అందరూ చేసిన పద్ధతే. వెడల్పు పెంచాను, తీగకు ఇంకో మెలిక కూడా వేశాను. మగ్గానికి ఎక్కించే అట్టలకు రంధ్రాలు కొట్టే మన తెలుగువాడు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నా, గిట్ల చేత్తోని గీసెటోళ్లు ఇంక ఉన్నరా?"

"ఒకడున్నడు. కొట్టు."

గడువులోపలే బట్ట దిగింది. పాతదానికన్నా బాగుంది. మార్పుకు కూలి వేరే అన్నాను. సేఠ్ గొణుక్కుంటూనే ఇచ్చాడు.

కాబట్టి చందా ఎందుకో నాకు బాగానే అర్థమైంది. కంపెనీవారూ, మీ సాఫ్ట్‌వేర్‌కు కిరాయి అడగండి, మీ వాళ్లకూ జీతాలు కావాలి. కిరాయి ఆగితే మీ సాఫ్ట్‌వేర్‌ను మూసుకోండి. నా అంచును ఎందుకు మూశారు? ఆ ఫైలులో మీరు గీసిన గీత ఒక్కటైనా ఉంటే చూపించండి. లేకపోతే దాన్ని తెరిచే దారి రాసి, కింద సంతకం పెట్టి పంపండి.